జలాంతర్గామిలో విమానము

నీటి క్రింద పయనించు ఓడ తన కడుపులో విమానములను దాచుకొని పోగలదని చెప్పినప్పుడు మా తరగతి బాలురు మొదట నమ్మలేదు. నమ్మిన పిదప వారి సంతోషమునకు మేర లేకపోయెను. ‘సబ్‌మెరైన్’ అనుటకు అలవాటుపడిన ఆ బాలురకు, జలాంతర్గామి యను మాటలోనే దాని పని యంతయు కలదని చెప్పుట మా వంతు అయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధమున జపాను నావికాదళము నిర్మించిన ఐ-400 తరగతి జలాంతర్గామి పొడవు 122 మీటర్లు. దానిపై నీరు చొరని పెద్ద గొట్టము వంటి గది యుండెను. అందు మూడు ‘సేయిరాన్’ విమానములు రెక్కలు ముడుచుకొని యుండెడివి. ఓడ పైకి తేలగనే వాటిని వెలుపలికి లాగి, రెక్కలు విప్పి, యంత్రముతో గాలిలోనికి విసరవలెను. అంతసేపు నీటి మరుగు లేదు. దాగుటయే బలముగా గల ఓడకు ఇది చిన్న లోపము కాదు. భూమిని ఒకటిన్నర మారులు చుట్టుటకు చాలు ఇంధనమును అది మోయగలదు. పనామా కాలువ తలుపులను పగులగొట్టుట ఒక సంకల్పము.

పదునెనిమిదింటిని తలపెట్టి మూడింటినే పూర్తిచేసిరి. రెండు ఓడలు ఉలితి దీవుల యొద్దనున్న అమెరికా నౌకలపైకి పోవుచుండగనే 1945 ఆగస్టులో జపాను లొంగిపోయెను. ఒక్క బాంబైనను వేయని ఆ విమానములను నావికులే సముద్రము పాలు చేసిరి.

విశాఖపట్టణముపై పడిన బాంబులు వీటివేనా యని యొక బాలుడు అడిగెను. కావు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడలపైకి వచ్చిన విమానములు ‘ర్యూజో’ యను విమానవాహక నౌకవి. బాంబు క్రింద నున్నవారికి ఈ భేదముతో పని లేదనుట వేరు మాట.

ఆ ఓడ పొడవును, వేగమును వ్రాసి వ్యాసము ముగించు విద్యార్థికి మేము పూర్తి మార్కులు వేయము. అది యెవరిపైకి పోవుటకు పుట్టినదో కూడ వ్రాయవలెను. నొబువో ఫుజిత కథను చేర్చిన మరియు మేలు. 1942 సెప్టెంబరు 9న, ఇంతకంటె చిన్నదియగు ఐ-25 జలాంతర్గామి నుండి ఎగిరి, అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రమున బ్రూకింగ్స్ పట్టణ సమీపపు అడవిపై అగ్నిబాంబులు వేసినవాడు ఆయన. అడవి తడిసియుండుటచే మంట వ్యాపింపలేదు. 1962లో ఆ పట్టణమువారే ఆయనను ఆహ్వానించిరి. కూడదని వాదించినవారును అచట లేకపోలేదు. ఆయన తమ వంశమున 400 సంవత్సరములుగా వచ్చుచున్న ఖడ్గమును తీసికొనిపోయి వారికి సమర్పించెను. 1985లో ఆ పట్టణపు ఉన్నత పాఠశాల బాలికలు ముగ్గురిని జపానునకు పిలిపించుకొనెను. ఆ ఖడ్గమును బ్రూకింగ్స్ గ్రంథాలయమున, పిల్లలు చదువుకొను చోటనే ఉంచిరి.