కెప్టెన్ మేడం పక్కన ఇంకొకరు

స్కూల్లో గైడ్స్ దళం ఉందంటే మనకి ముందుగా గుర్తొచ్చేది జనవరి 26న జరిగే కవాతు. యూనిఫాం వేసుకుని, మెడలో స్కార్ఫు కట్టుకుని మన పిల్ల వరసలో నిలబడితే మురిసిపోయి ఫోటో తీసుకుంటాం. ఆ వరస నిలబెట్టిన మనిషి ఎవరన్నది మాత్రం మనకి పట్టదు. ఆవిడే గైడ్ కెప్టెన్. పేరు వింటే ఓడ నడిపే అధికారిలా ఉంటుంది గానీ, చాలాచోట్ల ఆవిడ ఏ ఎనిమిదో తరగతికో సైన్సు చెప్పుకునే టీచరమ్మ. ఈ పనికని ఆమెకి వేరే జీతం లేదు. బడి పని, ఇంటి పని అయ్యాక మిగిలిన ఓపికతో చేసే పని ఇది.

మా పేటలోని ఒక బడిలో శనివారం సాయంత్రాలు పిల్లలకి ముళ్ళు వెయ్యడం నేర్పడానికి నాలుగేళ్ళుగా వెళ్తున్నాను. నేను టీచర్ని కాను. డిగ్రీ చదివి, ఇంటిపట్టున ఉండి, తీరిక దొరికినప్పుడు కథలు రాసుకునే దాన్ని. మా అమ్మాయి గైడ్స్‌లో చేరింది కదా అని ఓరోజు చూడ్డానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాను. రీఫ్ నాట్, క్లోవ్ హిచ్, బోలైన్... వినడానికి కొత్తగా ఉంటాయి గానీ, మూట కట్టడం, దండెం బిగించడం తెలిసిన ఏ ఇల్లాలికైనా రెండు వారాల్లో వచ్చేస్తాయి. "ఆడపిల్లకి మూడు ముళ్ళు చాలవుటే, ఇన్నెందుకూ?" అని మా వీధి చివర బామ్మగారు ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తూనే ఉంటారు.

ఈ ఉద్యమం పుట్టింది మగపిల్లల కోసం. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పవెల్ ఓ ఇరవై మంది అబ్బాయిలతో క్యాంపు పెట్టాడు. రెండేళ్ళ తర్వాత, లండన్‌లో జరిగిన స్కౌట్ల సభకి కొందరు ఆడపిల్లలు పిలవకుండానే వచ్చి, మేమూ స్కౌట్లమే అని నిలబడ్డారు. 1910లో గైడ్స్ ఏర్పడింది అలాగే. మన దేశంలో వేరువేరుగా ఉన్న సంఘాలు 1950 నవంబరు 7న కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. గైడ్స్ సంఘం ఆ మరుసటి ఏడాది ఆగస్టు 15న అందులో చేరింది. పిలవకుండా వచ్చిన ఆ పిల్లలంటే నాకు భలే ఇష్టం. అది అలా ఉంచితే, మన పిల్లలు మాత్రం పిలిచినా రాలేని పరిస్థితిలో ఉన్నారు. వాళ్ళని రప్పించే పనీ కెప్టెనే చూసుకోవాలి.

అసలు చిక్కు ఎక్కడుందో చెప్తాను. ఎన్.సి.సి.లోలాగో, పి.టి. క్లాసులోలాగో పెద్దవాళ్ళు ఆజ్ఞ వేస్తే పిల్లలు చేసే పద్ధతి కాదు ఇది. మా దళంలో 24 మంది, మూడు పాట్రోళ్ళు. ఒక్కో పాట్రోల్‌కి ఎనిమిది మంది. వాళ్ళలో ఒకమ్మాయే లీడరు. ఎవరు నీళ్ళు తేవాలి, ఎవరు పొయ్యి వెలిగించాలి అన్నది ఆ పిల్లే చెప్తుంది. పెద్దవాళ్ళు ఓ అడుగు వెనక నిలబడాలి. ఇది ఎంత కష్టమో చెయ్యబోయినవాళ్ళకే తెలుస్తుంది. మూడు ఇటుకల పొయ్యి మీద అన్నం మాడుతోంటే వాసన మన ముక్కుకి ముందే తెలుస్తుంది. చెయ్యి లాగుతుంది, మూత తియ్యబోతాం. కెప్టెన్ మేడం కళ్ళతోనే నన్ను ఆపేస్తుంది. మాడిన అన్నం తిన్న పాట్రోల్ మర్నాడు మాడకుండా వండుతుంది. కానీ ఆ రాత్రే ఓ తండ్రి ఫోన్ చేసి "మా పిల్లకి మాడిన అన్నం పెట్టారటగా" అని నిలదీశాడు.

ఇక క్యాంపుకి పంపడం దగ్గర జరిగే బేరాలు చెప్పనలవి కాదు. పగలైతే పంపుతాం, రాత్రికి ఇంటికి తెచ్చేసుకుంటాం అనేవాళ్ళు కొందరు. ఆ తేదీల్లో పిల్ల బయట చేరుతుందేమో అని గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు కొందరు. తల్లి ఒప్పుకుంటే నాన్న, నాన్న ఒప్పుకుంటే నాయనమ్మ. ఒక్కో సంతకం కోసం ఒక్కో ఇంటికి మూడేసిసార్లు తిరిగిన కెప్టెన్ని చూశాను. భయపడొద్దని నేననను. ఆడపిల్లల్ని కన్నవాళ్ళం, భయం ఉంటుంది. కానీ మనం అడిగే ప్రశ్నలు చూడండి. "ఎవరెవరి పిల్లలు వస్తున్నారు?" అంటాం. రాత్రి పిల్లల దగ్గర ఎంతమంది ఆడవాళ్ళు పడుకుంటారు, మరుగుదొడ్లు ఎక్కడ, గడియ ఉందా, దగ్గర్లో కాలువో చెరువో ఉందా, ఉంటే నీళ్ళ దగ్గర ఎవరు కాపలా, జ్వరం వస్తే ఏ ఆస్పత్రి... ఇవి ఎవరూ అడగరు. అడిగితే కెప్టెన్‌కి కోపం రాదు, సంతోషిస్తుంది. ఏటి ఒడ్డున పిల్లల్ని నిమిషానికోసారి లెక్కపెట్టుకుంటూ కూర్చునే మనిషి గుండె ఎలా ఉంటుందో పక్కన కూర్చుని చూసినదాన్ని.

ఓ క్యాంపులో జరిగింది చెప్పాలి. ఒకమ్మాయికి వాళ్ళమ్మ నాలుగు గిన్నెల క్యారియర్లో పులిహోర, చపాతీలు సర్ది పంపింది. "మా పిల్లకి బయటి వంట పడదండీ" అంది. పడనిది వంటా, వండిన చేతులా అన్నది అక్కడున్న పిల్లలందరికీ అర్థమైంది. పన్నెండేళ్ళ పిల్లలకి ఆమాత్రం తెలియకపోవడమేమిటి, మనింట్లోనేగా వింటారు! ఆ పూట వంట చేసిన పాట్రోల్ లీడరు మొహం మాడిపోయింది. గైడ్ నియమాల్లో అందరితో స్నేహంగా ఉండాలన్నది ఒకటి. రోజూ గొంతెత్తి చెప్పే ఆ మాట ఇలాంటి చోట ఎలా నిలబెట్టాలో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. మేడం ఎవర్నీ ఏమీ అనలేదు. భోజనాల వేళ ఆ అమ్మాయినే పిలిచి, "అందరికీ పంచుదామా తల్లీ?" అని అడిగింది. పిల్ల తలూపింది. పులిహోర తలో పిడికెడు వచ్చింది. కాసేపటికి ఆ అమ్మాయి తనంతట తనే పప్పు వేయించుకుంది. తినమని ఎవరూ బలవంతం చెయ్యలేదు. సోమవారం పొద్దున మాత్రం ఫిర్యాదు వచ్చింది. హెడ్మాస్టరు గదిలో మేడం పావుగంట నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆవిడ తరఫున ఒక్క మాట చెప్పడానికి ఆ గదిలో ఇంకో తల్లి లేదు.

శనివారం సంగతి సరేసరి. ఏడో తరగతి నుంచే ఐ.ఐ.టి. ఫౌండేషన్ అంటున్నారు. గైడ్స్ వల్ల మార్కులు కలుస్తాయా అని మొహం మీదే అడుగుతారు. రైల్వేలో స్కౌట్స్, గైడ్స్ కోటా కింద ఉద్యోగాలున్న మాట నిజం. రాష్ట్రపతి పురస్కారం దాకా వెళ్ళిన పిల్లలు దానికి పనికొస్తారు. అయితే ప్రవేశ్ నుంచి ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు దాటి, రాజ్య పురస్కారం అందుకుని, అక్కడికి చేరాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ సంగతి తెలిశాక సగం మంది మానిపిస్తారు. మిగిలినవాళ్ళు సర్టిఫికెట్ ముందే ఇచ్చెయ్యమంటారు. లాగ్‌బుక్కులు తల్లులే రాసి పంపిన సందర్భాలూ ఉన్నాయి. దస్తూరి చూస్తే తెలియదా?

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. ఏటా రిజిస్ట్రేషన్లు, కాగితాలు, తాళ్ళు, ప్రథమ చికిత్స పెట్టె, బస్సు ఛార్జీలు. స్కార్ఫు కొనుక్కోలేని పిల్లకి ఎవరికీ తెలియకుండా కొనిచ్చేది కెప్టెనే. అడిగితే "ఎంతలెండి" అంటుంది.

ఇంటి దగ్గర ఆవిడ పడే పాట్లు మనకి విడమర్చి చెప్పనక్కర్లేదు. కెప్టెన్ కావాలంటే ముందు బేసిక్ కోర్సు చెయ్యాలి, ఏడు రోజులు అక్కడే ఉండి. తర్వాత అడ్వాన్స్‌డ్ కోర్సు, మళ్ళీ ఏడు రోజులు. స్కౌట్ మాస్టరు సంచి భుజాన వేసుకుని బయల్దేరితే ఇంట్లోవాళ్ళు వీధి దాకా వచ్చి సాగనంపుతారు. కెప్టెన్ బయల్దేరాలంటే వారం రోజులకీ పచ్చళ్ళు, పొడులు చేసి, దోశెల పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి, ఏ డబ్బాలో ఏముందో చీటీలు అంటించి వెళ్ళాలి. వెళ్ళాక కూడా కందిపప్పు ఎక్కడుందని ఫోన్లు!

అందుకే చాలా బళ్ళలో దళం అంతా ఒక్క మనిషి మీదే నడుస్తోంది. ఆవిడకి బదిలీ అయినా, పురుడొచ్చినా, మోకాళ్ళ నొప్పులొచ్చినా దళం ఆగిపోయినట్టే. మాకు దగ్గర్లోని ఒక బడిలో సరిగ్గా అదే జరిగింది. టెంట్లు, తాళ్ళు, జెండా అన్నీ బీరువాలోనే ఉన్నాయి. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు.

ఒక్కరే ఉండటం పిల్లల క్షేమానికీ మంచిది కాదు. అమెరికాలో మగపిల్లల స్కౌట్ సంస్థ మీద, చిన్నతనంలో తమపై లైంగిక దాడులు జరిగాయంటూ 82 వేల మందికి పైగా కేసుల్లో చేరారు. 2020లో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసుకుంది. పిల్లల దగ్గర ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలన్నది అక్కడిప్పుడు కచ్చితమైన నియమం. నిజాయితీగా పనిచేసే కెప్టెన్‌కి కూడా ఆ రెండో మనిషే రక్ష. రేపు ఏదైనా మాటొస్తే, ఏం జరిగిందో చెప్పడానికి ఒకరుంటారు.

ఆ రెండో మనిషి టీచరే కానక్కర్లేదు. ఇంట్లో ఉండే మనలాంటివాళ్ళు చాలు. హాజరు వెయ్యడం, ఫోన్లు చెయ్యడం, సంతకాల కోసం నలుగురి ఇళ్ళకి తిరగడం, కడుపునొప్పి వచ్చిన పిల్ల పక్కన కూర్చోవడం, క్యాంపులో రెండు రాత్రులు పడుకోవడం. ఇందులో మనకి రానిదేముంది? ఓ తల్లి ఇల్లు దాటి ఇంకో తల్లితో మాట్లాడితే సంతకం తొందరగా పడుతుంది, అది నేను చూశాను. హెడ్మాస్టరు గదిలో మాట్లాడాల్సి వచ్చినా అంతే. శిక్షణ కావాలంటే జిల్లా సంఘాన్ని అడగొచ్చు. బడితో సంబంధం లేకుండా పేటలో ఓపెన్ యూనిట్ పెట్టుకునే వీలూ ఉంది.

పోయిన నెలలో మా వాట్సాప్ గ్రూపులో ఈ మాటే పెట్టాను. దండం బొమ్మలు పదిహేడు వచ్చాయి. వస్తామన్నవాళ్ళు ఇద్దరు. ఒకావిడ టైలరింగ్ చేస్తుంది, శనివారం గిరాకీ ఎక్కువైనా రెండు గంటలు షట్టరు దించి వస్తానంది. రెండో ఆవిడ బేసిక్ కోర్సుకి కూడా వెళ్తానంటోంది. వారం రోజులు వంట సంగతేమిటని అడిగాను. "మా అత్తగారూ మా ఆయనా తేల్చుకుంటారు లెండి. ముందు నాకు ఆ విజిల్ ఊదడం నేర్పండి" అంది.