అసలైన మాక్రో అంటే ఒకటికి ఒకటి

కొన్ని మాటలకు వాడకం పెరిగేకొద్దీ విలువ తగ్గిపోతుంది. ఈనాడు 'మాక్రో' అన్న మాటకు పట్టిన గతి అదే. సెల్‌ఫోనులో పువ్వు గుర్తు మీద వేలు పెడితే మాక్రో. జూమ్ లెన్సు అంచున అచ్చువేసి ఉంటే మాక్రో. మందార పువ్వును జానెడు దూరం నుంచి తీసి నలుగురికీ పంపినా మాక్రోయే! వాటిలో మంచి ఫొటోలు లేవని నేననను. కాని దగ్గరగా తీసినదంతా మాక్రో కాదు. ఈ తేడా తెలియకుండానే కెమెరా కొనడానికి బయలుదేరే మిత్రుల కోసమే ఈ నాలుగు మాటలు.

అసలు అర్థం చాలా సులువు. ఎదుట ఉన్న వస్తువు ఎంత ఉందో, లెన్సు వెనుక సెన్సర్ మీద పడే ప్రతిబింబమూ అంతే ఉండాలి. 7 మిల్లీమీటర్ల పురుగు సెన్సర్ మీద కూడా 7 మిల్లీమీటర్లు ఉండాలి. దీన్నే 1:1 అంటారు. మీ కెమెరా ఈ పరీక్షకు నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. జామెట్రీ బాక్సులోని స్కేలును వీలైనంత దగ్గరగా ఫొటో తీయండి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ. ఫొటోలో ఈ చివరి నుంచి ఆ చివరికి 36 గీతలే కనిపిస్తే 1:1 వచ్చినట్టు. 72 గీతలు కనిపిస్తే అది సగమే. ప్రకటన ఏమన్నా, స్కేలు మాత్రం అబద్ధమాడదు.

పేర్ల తికమక కూడా కొంత ఉంది. నికాన్ కంపెనీ 1956లో మొదలుపెట్టి ఇలాంటి లెన్సులను 'మైక్రో' అనే పిలుస్తూ వచ్చింది. వారి పేరుమోసిన పాత 55 మి.మీ. లెన్సు దానంతటది సగం సైజు వరకే వెళ్లేది. 1:1 కావాలంటే వెనుక ఒక రింగు తగిలించాల్సిందే. కానన్ వారు 1999లో తెచ్చిన 65 మి.మీ. లెన్సయితే 1:1 దగ్గర మొదలై అయిదింతల దాకా పోతుంది. కనుక పేరు చూసి మోసపోకుండా, పక్కనున్న నిష్పత్తి చూడాలి.

ఇక నా అసలు వాదన. మాక్రో నేర్చుకోవడానికి ముందు కావలసింది డబ్బు కాదు, ఇంటర్మీడియట్‌లో మనమంతా బట్టీపట్టిన కటక సూత్రం. వస్తువు నాభ్యంతరానికి రెండింతల దూరంలో ఉంటే ప్రతిబింబమూ అటువైపు అంతే దూరంలో, అదే సైజులో పడుతుందని పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం, మరిచిపోయాం. ఆ వాక్యమే 1:1 మాక్రో! 50 మి.మీ. లెన్సును అనంతం దగ్గర ఉంచి, సెన్సర్ నుంచి మరో 50 మి.మీ. ముందుకు జరిపితే చాలు, ఒకటికి ఒకటి వచ్చి తీరుతుంది. అలా జరపడానికి వాడే బోలు గొట్టాలే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. వాటిలో గాజు ఉండదు. అందుకే మాక్రో లెన్సు ధరతో పోలిస్తే చాలా చవక. ఒక్క జాగ్రత్త. విద్యుత్ కాంటాక్టులు లేని ట్యూబుతో చాలా కొత్త లెన్సుల ద్వారం మార్చడం కుదరదు. ద్వారం తిప్పే రింగు ఉన్న పాత లెన్సయితే ఆ చిక్కు లేదు.

అయితే ప్రకృతి దేన్నీ ఉచితంగా ఇవ్వదు. 1:1 దగ్గర ఎఫ్/8 అన్నది ఎఫ్/16లా పనిచేస్తుంది. అంటే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. స్పష్టంగా కనిపించే లోతు దాదాపు ఒక మిల్లీమీటరే. చీమ కన్ను స్పష్టంగా వస్తే నడుము మసక. పోనీ ద్వారం బాగా మూసేద్దామా అంటే, వివర్తనం వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. కాబట్టి ఆటోఫోకస్ ఆపెయ్యాలి. లెన్సును 1:1 దగ్గర ఉంచి, మన ఒళ్లే నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఊగుతూ, కన్ను స్పష్టమైన క్షణంలో నొక్కాలి. ఫ్లాషు ముందు ట్రేసింగ్ కాగితం అడ్డుపెడితే వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. మొదటి వారం పురుగుల జోలికి పోవద్దు. బియ్యపు గింజ, తపాలా బిళ్ల, ఉప్పురాయి చాలు. అవి పారిపోవు గదా!

ఆ తర్వాత మామిడిచెట్టు దగ్గరకు వెళ్లండి. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు తమ పిల్లపురుగులను నోట కరుచుకుని, వాటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకుల అంచులు కలుపుతాయి. మగ్గం మీద నాడె ఆడినట్టే ఉంటుంది. తొలకరికి నేల మీదికొచ్చే ఆరుద్ర పురుగుకు కాళ్లెన్నో లెక్కపెట్టండి. ఎనిమిది! అది కీటకమే కాదు, సాలీడుకు చుట్టం. పుస్తకంలో చదివింది కంటితో రుజువు చేసుకోవడమంటే ఇదే.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. పురుగు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు, జిగురుతో అంటించేవాళ్లున్నారు, చంపి కూర్చోబెట్టేవాళ్లూ ఉన్నారు. అలా తీసిన ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా, బతికున్న పురుగు బతుకు గురించి అది చెప్పేది అబద్ధం. పది ఫొటోలను కలిపి ఒకటిగా చేయడం తప్పు కాదు, చెప్పి చేస్తే అది సాంకేతిక నైపుణ్యం. కాని బెదిరిన చీమ పారిపోయి, చేతిలో మసక ఫొటోయే మిగిలినా సరే, అదే నిజాయితీ గల ఫొటో అని నా నమ్మకం. ఆరుద్ర పురుగులను మందు పేరుతో ఏరి అమ్మే వ్యాపారం ఉన్న దేశంలో, చూసి వదిలెయ్యడం నేర్పే విద్య ఏదైనా మంచిదే.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఏటా వార్షికోత్సవం పందిళ్లకూ మైకులకూ పెట్టే ఖర్చులో కొద్ది భాగం తీసి, ఒక సెట్టు ట్యూబులూ ఒక పాత 50 మి.మీ. లెన్సూ కొని గ్రంథాలయంలో పుస్తకంలా అరువివ్వండి. కెమెరా ఉన్నవాడు లేనివాడితో పంచుకుంటాడు. ఫిజిక్స్ వాళ్లు నిష్పత్తి లెక్క కడతారు, జువాలజీ వాళ్లు పురుగు పేరు చెబుతారు. తెలుగు శాఖ వాళ్లు దాన్ని ఊళ్లో ఏమంటారో అడిగి రాస్తారు. అప్పు చేసి లెన్సు కొనిపెట్టమని ఏ తండ్రినీ అడగనక్కర్లేదు. వచ్చే సంచికలో మన ఆవరణలోని వంద ప్రాణుల బొమ్మలు, ఒక్కోదాని కింద నిష్పత్తితో సహా, అచ్చయితే చూడాలని ఉంది. అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదనుకుంటాను.