డబ్బాలో మూలిగిన బ్రిటిష్ హీరో

సినిమాలో హీరో రాకముందే ఆయనగారి కారు టైరు చూపిస్తారు. ఆ తర్వాత తలుపు, ఆ తర్వాత బూటు. మొహం కనపడేలోగా హాలంతా ఈలలు! ఆ ఈలలు చెవిలో పడ్డ కుర్రాడికి కారంటే ఇనుమూ, రబ్బరూ కాదు, ఓ వేషం. తెనాలి పక్క బుర్రిపాలెం నుంచి వెళ్ళిన కృష్ణగారు 1966లో 'గూఢచారి 116' అయ్యాక మనవైపు కుర్రకారుకి ఈ పిచ్చి పట్టిందంటే ఆశ్చర్యమేముంది?

రేపల్లె తమ్ముడొకడు ఆమధ్య నా దగ్గరకొచ్చాడు. "అన్నా! బాపట్లలో ఓ బ్రిటిష్ లగ్జరీ సెడాన్ అమ్మకానికుంది. పదేళ్ళ బండి, తిరిగింది 18,000 కిలోమీటర్లే. కొత్తదే అనుకో!" అన్నాడు. నేను నవ్వలేదు. ఎందుకంటే వాడు పెట్టబోయేది వాళ్ళ నాన్న రెండు పంటల రొయ్యల మీద కూడబెట్టిన డబ్బు. వచ్చే పంటకి సీడూ, మేతా కొనాల్సింది కూడా అందులోంచే!

ఈ జాతి బళ్ళ మీద మోజు ఊరికే రాదు లెండి. జాగ్వార్‌నే తీసుకోండి. 1922లో విలియం లయన్స్ అనే 21 ఏళ్ళ కుర్రాడు ఓ భాగస్వామితో కలిసి మోటార్ సైకిళ్ళకి సైడ్‌కార్లు చేస్తూ మొదలెట్టిన వ్యాపారమది. 2008లో టాటావారు ల్యాండ్ రోవర్‌తో కలిపి 230 కోట్ల డాలర్లకి కొన్నారు. వాళ్ళ ఎక్స్‌ఎఫ్‌ఆర్ సెడాన్‌కి 5 లీటర్ల వి8 ఇంజను, 500 పైచిలుకు గుర్రాల శక్తి! సాయంత్రంపూట తెనాలి బోస్ రోడ్డులో ఆ గుర్రాలన్నీ సైకిళ్ళ వెనకే నడవాలనుకోండి, అది వేరే సంగతి.

18,000ని పదేళ్ళకి పంచితే రోజుకి అయిదు కిలోమీటర్లు. రేపల్లె నుంచి తెనాలి ఒక్కసారి వెళ్ళొస్తే అంతకు పది రెట్లు పైనే! మీటరు వెనక్కి తిప్పారేమోనని నాకు అనుమానం. తెనాలి మెకానిక్‌ని వెంటబెట్టుకుని బాపట్ల వెళ్ళాం. ఆయన బ్రేకు పెడల్ రబ్బరు చూశాడు, స్టీరింగు తోలు తడిమాడు, డ్రైవరు సీటు అంచు చూశాడు, సర్వీసు కాగితాల్లో అంకెలు కలిపాడు. అన్నీ సరిపోయాయి. ఓనరు అబద్ధమాడలేదు!

కథ అయిపోలేదు, ఇది ఇంటర్వెల్లే. మెకానిక్ టైరు పక్కనున్న నాలుగంకెలు చూపించాడు: 3514. అంటే 2014లో 35వ వారం తయారీ. గాడి నిండుగా ఉంది, రబ్బరుకి మాత్రం బీటలు. కదలకుండా ఉన్నా బ్రేకు ఆయిలు గాలిలో తేమ పీలుస్తుంది. బుష్‌లు ఎండి పగులుతాయి, బ్యాటరీ చస్తుంది, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. పైగా సూర్యలంక ఉప్పుగాలి! బండి కింద తుప్పు మొదలైంది. పదేళ్ళు డబ్బాల్లో మూలిగిన సినిమాని కొత్త సినిమా అంటామా చెప్పండి?

కాగితాల తంటా ఇంకోటి. బండిది హైదరాబాదు నంబరు. 2014 తర్వాత అది వేరే రాష్ట్రం కదా! అక్కణ్ణుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, పేరు మార్పుకి 29, 30, ఆపైన ఇక్కడ లైఫ్ టాక్సు.

మరమ్మత్తుల లెక్క వేస్తే చెప్పిన ధరలో మూడోవంతు తేలింది. "అయితే వదిలేయమంటావా అన్నా?" అన్నాడు తమ్ముడు, మొహం వేలాడేసి. "బండి చెడ్డదని కాదురా. ముందు చెరువు. పంట చేతికొచ్చాక మిగిలితే, ఈ మూడోవంతూ తగ్గించి బేరమాడు" అన్నాను. ఆ వారమే మేత కొన్నాడు.

మీరూ ఇలాంటి బేరానికి వెడితే మీటరొక్కటే చూసి మురిసిపోకండి. వంగి ఆ నాలుగంకెలూ చదవండి. ఈలలు వేసేవాళ్ళెవరూ మరమ్మత్తు బిల్లు కట్టరు సుమండీ!