గడీ దాటని ఫర్మానా

సెప్టెంబర్ 17 వచ్చిందంటే ఏటా అదే లొల్లి. విమోచనమా, విలీనమా, విద్రోహమా? జెండా ఎవరు ఎగరేయాలె? ఈ పంచాయితీలో అడగాల్సిన ప్రశ్న పక్కకు పోతున్నది. 1948లో ఇండియా సైన్యం 13వ తారీఖున సరిహద్దు దాటితే 17కల్లా ఏడో నిజాం చేతులెత్తేసిండు. 1724 నుంచి పాతుకపోయిన ఆసఫ్‌జాహీ రాజ్యం అయిదు దినాలు ఎందుకు నిలువలేదు?

ఉస్మాన్ అలీఖాన్ ఏమీ చేయలేదనేటోళ్లతోని మాకు పేచీ ఉన్నది. ఉస్మానియా యూనివర్సిటీ, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, నిజాంసాగర్ ఆయన కాలంలోనివే. మరి ఇన్ని కట్టించిన రాజును జనం ఎందుకు వదులుకున్నరు?

మన కౌకూర్ దిక్కు నుంచి చూస్తే కొంత తెలుస్తది. మేడ్చల్ తాలూకా అప్పట్లో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాల ఉండె. అది సర్ఫ్-ఎ-ఖాస్, అంటే శిస్తు నేరుగా రాజు సొంత ఖజానాకు పోయే ఇలాఖా. ఇక్కడ రాజే సర్కారు, రాజే భూస్వామి. 1937లో టైమ్ పత్రిక ఆయన బొమ్మను అట్ట మీద వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఆ ధనంలో ఈ చెలకల చెమట ఎంతో ఎవరూ రాయలేదు.

నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో దొరల రాజ్యం. వెట్టి కూడదని నిజాం 1920లలోనే ఫర్మానా ఇచ్చిండు. ఆ కాగితం పటేల్ పట్వారీల దస్త్రంలోనే పండుకున్నది. గిర్దావర్ వచ్చినా, అమీన్ వచ్చినా కోడి ఇయ్యాలె, బండి కట్టాలె, నీళ్లు మోయాలె. ఫిర్యాదు చేద్దామంటే వినేటోడు రాత్రి గడీలోనే బువ్వ తినేటోడు! 1946 జులై 4న కడివెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమురయ్య నేలకొరిగిండు. అటెన్క గడీ మీది కోపం సర్కారు మీదికి మళ్లింది. గడీకి కావలి ఉన్నది సర్కారు పోలీసే కద!

చదువుకున్నోళ్ల సంగతీ అంతే. స్టేట్ కాంగ్రెస్‌ను 1938లో పుట్టకముందే నిషేధించి 1946లో గానీ వదలలేదు. 1939లో ప్రకటించిన సంస్కరణలు అమలుకొచ్చింది కూడా 1946లోనే. ఏడేండ్లు నానబెట్టిన ఆ అసెంబ్లీ అప్పటికి ఎవరికి కావాలె?

చివరికి రాజు మాటకు రాజధానిలోనే విలువ లేకుండ పోయింది. 1947 అక్టోబర్‌లో ఢిల్లీతో యథాతథ ఒప్పందం ఖాయమైన వేళ రజాకార్ల గుంపులు ప్రధాని ఛత్తారీ నవాబు ఇల్లు చుట్టుముడితే నిజాం వెనక్కి తగ్గిండు. నెల తిరిగినంక ఇంచుమించు అదే ఒప్పందం మీద దస్తఖత్ చేసిండు. తన పేరు మీద పెరిగిన మూకకు తనే భయపడే రాజును ఎవరు నమ్ముతరు? 1948 ఆగస్టులో రజాకార్లను రద్దు చేయమని ఏడుగురు ముస్లిం ప్రముఖులు ప్రకటన చేసిండ్రు. అదే నెలలో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నడివీధిలో చంపిండ్రు. మరి కొద్ది దినాలకే బైరాన్‌పల్లిలో నెత్తురు పారింది. దీన్ని హిందూ ముస్లింల కొట్లాటగా చెప్పేటోళ్ల నోట షోయబుల్లా పేరు ఎందుకు రాదు? సైన్యం వచ్చినంక మరాఠ్వాడా జిల్లాల్లో ఊచకోతకు బలైన బీద ముస్లింల ఊసు, సుందర్‌లాల్ కమిటీ రాసిన సంగతులు ఎందుకు రావు?

సెప్టెంబర్ 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసినంక నిజాం కబురు పెట్టింది కె.ఎం. మున్షీకి. కౌకూర్‌కు ఆనుకొని ఉన్న బొల్లారంలోనే భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఆయన మకాం ఉండె. ఆ సాయంత్రమే రేడియోలో లొంగుబాటు మాట. రాజు కోసం ఊళ్లు అడ్డం నిలువలేదు.

1949లో సర్ఫ్-ఎ-ఖాస్ సర్కారులో కలిసింది. అందుకు నిజాంకు పరిహారం ముట్టింది, ఏటా 50 లక్షల రాజభరణం వేరే. 1950లో ఆయనే రాజప్రముఖ్. పారిపోయిన దొరలు సైన్యం వెంట, ఖద్దరు కట్టుకొని గడీలకు తిరిగొచ్చిండ్రు. తరాల తరబడి వెట్టి చేసినోడికి మాత్రం ఎవరూ లెక్కకట్టి పైసా ఇయ్యలేదు.