వణుకంతా గేర్‌బాక్స్‌దేనా?

ఆటోమేటిక్ కారు హైవే మీద హాయిగా వెళ్తుంటుంది. వేగం 70 దగ్గర నిలకడగా ఉంటుంది. ఉన్నట్టుండి వరసగా వేసిన చిన్న స్పీడ్‌బ్రేకర్ల మీదికి ఎక్కినట్టు రెండు మూడు సెకన్లు సన్నని వణుకు. అంతలోనే మాయం! షెడ్డుకు తీసుకెళ్తే 'గేర్‌బాక్స్ దించాలి సార్' అంటారు. ఆ మాటకు యజమాని గుండె కారుకన్నా ఎక్కువగా వణుకుతుంది మరి. ఎందుకంటే కొన్ని కార్లలో ఆ ఖర్చు లక్ష రూపాయలు దాటిపోతుంది.

కానీ ప్రతి వణుకూ గేర్‌బాక్స్‌ది కాదు. దాన్ని దించమని ఒప్పుకునేముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే... వణుకు ఎప్పుడు వస్తోంది?

ఆగి ఉన్నప్పుడా?

బ్రేకు మీద కాలుంచి గేరు 'డి'లో పెడితే అదురుతోంది, 'ఎన్'లోకి మార్చగానే తగ్గుతోంది అంటే మొదట చూడాల్సింది ఇంజిన్ మౌంట్లను. ఇంజిన్‌ను మోసే ఈ రబ్బరు దిమ్మెలు పగిలితే అదురు నేరుగా సీట్లోకి వచ్చేస్తుంది. కారు 'పి'లో ఉండగా యాక్సిలరేటర్ కాస్త నొక్కినా అదే అదురు వస్తుంటే చక్రాలకు దాంతో సంబంధం లేనట్టే.

వేగంతో పాటు పెరుగుతోందా?

80 దాటాక స్టీరింగ్ వణికి, వేగం తగ్గించగానే సర్దుకుంటే టైర్లు, చక్రాల బ్యాలెన్సింగ్ చూపించాలి. కొన్ని వందలతో పోయే పని! బ్రేకు వేసినప్పుడే వస్తే డిస్కులను పరీక్షించాలి. వేగం అందుకునేటప్పుడు ఊగి, కాలు తీయగానే ఆగిపోతే డ్రైవ్ షాఫ్టు జాయింట్లను అనుమానించాలి.

నిలకడ వేగంలోనే వస్తోందా?

యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడే వస్తుంటే అనుమానం టార్క్ కన్వర్టర్ మీదికి మళ్లాలి. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా! ఇక్కడ గాలి బదులు ఆయిల్. ఈ పద్ధతిలో కొంత శక్తి వృథా అవుతుంది. అందుకే నిలకడ వేగంలో రెండింటినీ కలిపి బిగించే లాకప్ క్లచ్ పెట్టారు. అమెరికాలో ప్యాకార్డ్ సంస్థ 1949లోనే దీన్ని తన కార్లలో తెచ్చింది. ఈ క్లచ్ సరిగా పట్టక, పట్టుతూ జారుతూ ఉంటే పుట్టేదే ఆ వణుకు.

దీన్ని తేల్చడానికి మెకానిక్కులు ఖాళీ రోడ్డు మీద కారు నడుపుతూ, వణుకు మొదలవగానే బ్రేకు పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రం తాకుతారు. దాంతో లాకప్ విడిపోతుంది. వణుకు కూడా వెంటనే ఆగితే దొంగ దొరికినట్టే! ఈ పరీక్ష సొంతంగా చేయకుండా, తెలిసినవాళ్లకే వదిలేయాలి.

ప్లగ్గు, కాయిల్ దెబ్బతిని ఇంజిన్ మిస్ కొట్టినా అచ్చం ఇలాగే అనిపిస్తుంది. అయితే అది ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఎక్కువవుతుంది. స్కానర్ పెడితే చాలావరకు బయటపడుతుంది.

ఆయిల్ సంగతేంటి?

లాకప్ వణుక్కి పాతబడిన ఆయిల్, ఆ కారుకు సరిపడని ఆయిల్ తరచూ కారణమవుతాయి. కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే పోయించాలి. సీవీటీ ఆయిల్ వేరు, మామూలు ఆటోమేటిక్ ఆయిల్ వేరు. తొలిదశలో ఆయిల్ మార్పుతోనే వణుకు తగ్గొచ్చు. క్లచ్ అరిగిపోయి ఉంటే మాత్రం తగ్గదు. ఆయిల్ మాడు వాసన వేస్తున్నా, గేరు జారుతున్నా ఆలస్యం చేయకూడదు.

మరో మాట. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో మొదలైన ఏఎంటీ కార్లలో అసలు టార్క్ కన్వర్టరే ఉండదు. లోపల మామూలు క్లచ్, మామూలు గేర్లే. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు వాటికి సహజం. కదిలేటప్పుడు వణికితే క్లచ్ చూపించాలి.

షెడ్డుకు వెళ్లేముందు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి... ఎంత వేగంలో వచ్చింది, ఆర్పీఎం ముల్లు ఎక్కడుంది, ఇంజిన్ చల్లగా ఉందా వేడెక్కిందా, కాలు ఏ పెడల్ మీద ఉంది. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ వణుకు చూపించండి. గేర్‌బాక్స్ దించాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.