పిల్లల మాటలా ఇవి?

జపాను వాళ్ళకి గుండె దడదడలాడితే ‘దొకిదొకి’. చిరాకు పుడితే ‘ఇరఇర’ – మన చిరచిరకి చుట్టంలా లేదూ! మనసారా నవ్వే మొహం ‘నికొనికొ’. లోపలేదో పెట్టుకుని నవ్వే నవ్వు ‘నియనియ’. ఎముకలు తేలిన మనిషి ‘గరిగరి’, బొద్దుగా ముద్దొచ్చే మనిషి ‘పొచ్చరి’. 2007లో అక్కడ అచ్చయిన ఒక నిఘంటువులో ఇలాంటివి 4500 ఉన్నాయి.

ఇవి పసిపిల్లల మాటలనీ, పెద్దరికమున్న రచనకి తగవనీ ముక్కు విరిచేవాళ్ళు అక్కడా ఉన్నారు. యుకియో మిషిమా అంతటివాడే వీటిని చులకనగా చూశాడు. గొప్ప రచయితే, కాదనను. కానీ ఒక్క ‘నియనియ’ తీసేస్తే దాని బదులు ఎన్ని మాటలు ఖర్చవుతాయో చూడండి! కెంజి మియజావా (1896-1933) కథల్లోంచి వీటిని ఏరేస్తే ఆ కథల్లో గాలే వీచదు.

అంతదాకా ఎందుకు, ఆసుపత్రి సంగతి చూడండి. రోగి ‘జుకిజుకి’ అంటే నాడి కొట్టుకున్నట్టు పోటు. ‘చికుచికు’ అంటే సూదులతో పొడిచినట్టు. కడుపు ‘షికుషికు’ అంటే సన్నగా, వదలకుండా నొప్పి. (సన్నగా ఏడవడాన్నీ ఆ మాటే అంటారు. కడుపు ఏడుస్తోందన్నమాట!) ఆ మాట విని అక్కడి డాక్టరు నవ్వడు, రాసుకుంటాడు.

మరి మనింట్లో? “కళ్ళు భగభగ మండుతున్నాయండీ, కాళ్ళు జివ్వుజివ్వున లాగుతున్నాయి” అంటే, “ఆ చిన్నపిల్లల భాషేమిటి, సరిగ్గా చెప్పు” అని కసురుతారు. ఇంతకంటే సరిగ్గా ఎలా చెప్పాలో ఆ కసిరినాయనే సెలవియ్యాలి.