నిద్రితుని లోకం, మేల్కొన్నవారి లోకం: హెరాక్లిటస్‌ను చదివే తీరుపై ఒక ఆక్షేపణ

ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త హెరాక్లిటస్ మన తులనాత్మక వ్యాసాలలో అతిథిగా వచ్చి, తరచు బంధువుగా మారిపోతాడు. నిద్ర, మెలకువల గురించి ఆయన మాట్లాడాడు కనుక మాండూక్యోపనిషత్తుకు దగ్గరివాడనీ, అంతా ప్రవాహమన్నాడు కనుక బౌద్ధ క్షణికవాదానికి తోబుట్టువనీ నిర్ధారించడం సులభం. ఈ సౌలభ్యమే అనుమానించదగినది. నిద్రితమైన మనస్సు గురించి, అనుభవం విలువ గురించి హెరాక్లిటస్ చెప్పినది ఉపనిషత్తుల దిశలో సాగేది కాదని, ఆ భేదాన్ని గుర్తించినప్పుడే ఆయన తెలుగు విమర్శకు ఉపయోగపడతాడని ఈ వ్యాసం వాదిస్తుంది.

హెరాక్లిటస్ క్రీ.పూ. 500 ప్రాంతంలో, నేటి టర్కీ పశ్చిమ తీరంలోని ఎఫెసస్ నగరంలో జీవించాడు. ఆయన గ్రంథం లభించలేదు. మిగిలినవన్నీ ఇతరులు ఉదాహరించిన ఖండికలు. నిద్రించేవారు ఎవరి సొంత లోకంలోకి వారు మళ్ళుతారనీ, మేల్కొన్నవారికి ఉన్నది ఒకే ఉమ్మడి లోకమనీ చెప్పే ఖండికను ప్లూటార్క్ అందించాడు. చూడగలిగినవి, వినగలిగినవి, అనుభవంతో నేర్వగలిగినవి తనకు ప్రియమన్న మాట హిప్పోలిటస్ ద్వారా దక్కింది. మొదటివాడు మూఢభక్తిని ఖండించడానికి, రెండవవాడు క్రైస్తవంలోని భిన్నశాఖలను ఖండించడానికి ఈ వాక్యాలను వాడుకున్నారు. ఈ సందర్భాలను విస్మరించి ఖండికలను విడి సూక్తులుగా గ్రహించడమే మన మొదటి లోపం.

రెండవ లోపం మరింత మౌలికమైనది. మాండూక్యం 12 మంత్రాలలో జాగ్రత్, స్వప్న, సుషుప్తులను, వాటికి అతీతమైన తురీయాన్ని నిరూపించింది. ఆ క్రమం బహిర్ముఖమైన మెలకువతో మొదలై, లోనికి సాగుతుంది. సుషుప్తి అక్కడ ప్రజ్ఞానఘనం, ఆనందమయం. గౌడపాదుడు వైతథ్య ప్రకరణంలో మరొక అడుగు వేసి, స్వప్నంలో కనిపించేవి ఎంత మిథ్యయో మెలకువలో కనిపించేవీ అంతే మిథ్య అని ప్రతిపాదించాడు. హెరాక్లిటస్ సరిగ్గా దీనికి ఎదురుగా నిలుస్తాడు. ఆయనకు నిద్ర గమ్యానికి సోపానం కాదు, ఉమ్మడి లోకం నుండి వైదొలగడం. అందరికీ సామాన్యమైన 'లోగోస్' ఉండగా, మేల్కొని ఉండీ సొంత తెలివే ఉన్నట్లు బతికేవారిని ఆయన నిద్రితులతో పోల్చి అధిక్షేపించాడు. ఒకరు మెలకువను స్వప్నంతో సమానం చేస్తే, మరొకరు ఆ సమానత్వాన్నే మానవుల దోషంగా చూశారు. ఈ ఇద్దరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టడం ఇద్దరికీ అన్యాయమే.

సామ్యవాదులకు బలమైన ఆధారం ఒకటుంది. రాత్రివేళ చూపు ఆరిపోయినప్పుడు మనిషి తనకోసం ఒక వెలుగును రగిల్చుకుంటాడనే ఖండికను అలెగ్జాండ్రియా వాసి క్లెమెంట్ భద్రపరిచాడు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకునికి బోధించిన స్వయంజ్యోతి వెంటనే స్ఫురిస్తుంది. అయితే ఆ ఖండిక అక్కడ ఆగదు. నిద్రించేవాడు మృతునికి, మేల్కొన్నవాడు నిద్రితునికి తాకి ఉంటాడంటుంది. వెలిగించడానికీ, తాకడానికీ గ్రీకు మూలంలో ఉన్నది ఒకే క్రియ. ఇంగ్లీషు అనువాదాలలో ఈ శ్లేష సాధారణంగా రెండు క్రియలుగా చీలిపోతుంది. తెలుగులో చీలనవసరం లేదు. మనం దీపాన్ని అంటిస్తాం, నిప్పు అంటుకుంటుంది, చేయి దేనినైనా అంటుతుంది. ఒకే ధాతువు రెండు అర్థాలనూ మోస్తుంది. ఆ శ్లేషతో చదివితే, ఆ వెలుగు ఆత్మ స్వయంప్రకాశంగా కాక, మృత్యువును అంటుకొని ఉన్న చిన్న ప్రత్యామ్నాయ దీపంగా కనబడుతుంది. సిద్ధాంత సామ్యం చూపలేని దగ్గరితనాన్ని భాషా సామ్యం చూపుతుంది. తెలుగు శాఖ చేయవలసిన తులన ఇది.

ఇక అనుభవం సంగతి. హెరాక్లిటస్ అనుభవాన్ని ఇష్టపడ్డాడు, కాని దానికి పట్టం కట్టలేదు. అనాగరిక ఆత్మలు గలవారికి కన్నులు, చెవులు చెడ్డ సాక్షులని ఆయన హెచ్చరిక. గ్రీకులు 'బర్బరులు' అన్నది తమ భాష తెలియనివారిని. అంటే ఇంద్రియానుభవం ఒక భాష వంటిది. వినడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. అలాగని పాండిత్యం అర్థానికి బదులు కాదు. పలు విషయాలు నేర్చినంత మాత్రాన వివేకం రాదంటూ ఆయన హెసియడ్, పైథాగరస్‌ల పేర్లనే ఎత్తిచూపాడు.

ఈ ద్విముఖ హెచ్చరిక నేటి తెలుగు విమర్శకు అవసరం. 'నీలిమేఘాలు' (1993), 'చిక్కనవుతున్న పాట' (1995) సంకలనాల తరువాత, జీవితానుభవమే ప్రమాణమా అన్న చర్చ మనలో నిలిచే ఉంది. స్త్రీల, దళితుల అనుభవాన్ని వైయక్తికమని పక్కన పెట్టేవారు ఒక వైపు. అనుభవం ఉంటే చాలు, విశ్లేషణ అక్కరలేదనేవారు మరొక వైపు. ఇరువురూ అనుభవాన్ని నిద్రితుని సొంత లోకంగానే భావిస్తున్నారు. ఆ సంకలనాలు చేసిన పని దీనికి విరుద్ధమైనది. ఇంటి నాలుగు గోడల మధ్య, వాడ పొలిమేరలో ఒంటరిగా భరించినదాన్ని అవి ఉమ్మడి భాషలోకి తెచ్చాయి. ఉమ్మడి లోకమని చెప్పుకున్నది కొందరి సొంత లోకమేనని కూడా అవి నిరూపించాయి. ఎవరి అనుభవమన్నది ఒక ప్రశ్న. అది అందరూ పరీక్షించగల అర్థంగా మారిందా అన్నది మరొక ప్రశ్న. విమర్శకుడు రెండింటికీ జవాబుదారి.

ఇది చెప్పి హెరాక్లిటస్‌ను మన పక్షానికి లాక్కోవడమూ తగదు. బహుజనుల బుద్ధిని ఆయన బాహాటంగా తృణీకరించాడు. ఉమ్మడి లోగోస్ గురించి చెప్పినవాడే అది కొద్దిమందికే అందుతుందని నమ్మాడు. ఈ వైరుధ్యాన్ని కప్పిపుచ్చకూడదు. మరొక ఖండికలో నిద్రించేవారు సైతం విశ్వకార్యంలో పనివారే, సహకారులే అన్న భావం ఉంది. దాన్ని మార్కస్ ఆరీలియస్ ప్రస్తావించాడు. కనుక స్వప్నం నిరర్థకమని ఆయన తీర్పుగా చెప్పడమూ తొందరపాటే. నిద్రితుడు లోకంలో భాగమే. ఆ భాగస్వామ్యం అతనికి తెలియదు, అంతే.

పరిశోధకుని స్థితి కూడా ఇందుకు భిన్నం కాదు. సామ్యాలు వెతికే అలవాటులో మనం పనిచేస్తూనే ఉంటాం, పుటలు నిండుతూనే ఉంటాయి. పరాయి గ్రంథంలో మన ముఖాన్నే చూసుకొని తృప్తిపడే తులన, ఎంత శ్రమతో చేసినా, నిద్రలో చేసిన పనే. భేదం ఎదురైన చోట ఆగి, మూలపదాన్ని పరిశీలించి, దానికి మన భాష ఏమి బదులిస్తుందో వినడంతో మెలకువ మొదలవుతుంది.